మన్యంలో భయం, దేవుని సన్నిధి



సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే చేరే కోరాపుట్ పీఠభూమీ, పార్వతీపురం మీదుగా వెళ్లే రైలు దారిలో తగిలే రాయగడ సీమా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేవి కనుక, మైదానపు తెలుగువారికి ఈ కొండలతో రాకపోకలు ఎంత పాతవో ఈ కొండలంటే భయమూ అంత పాతదే. ఆ భయానికి మన్యం జ్వరమని పేరు. చలితో వణికించి, ఒళ్లు కాల్చి, చెమట పట్టించి విడిచినట్టే విడిచి మళ్లీ తిరగబెట్టే ఈ జ్వరానికి జడిసి, చిన్న గుమాస్తా మొదలుకొని పెద్ద ఉద్యోగి దాకా మన్యానికి బదిలీ అంటే శిక్షగానే ఎంచేవారు. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చి, ఆ భాషకు 1931లో వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు, కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న జ్వరానికి క్వినైను వాడి వినికిడి పోగొట్టుకున్న సంగతి తెలుగు పాఠకులకు తెలిసినదే. జనం భయపడవలసిన దానికే భయపడ్డారు. ధైర్యం గురించి ప్రసంగించేవారు సాధారణంగా ఈ విషయాన్ని దాటవేసి, భయాన్ని కేవలం మనసు బలహీనతగా చూపించడం వల్ల, వారి మాటలు జ్వరం ఎరిగినవారికి అంతగా ఎక్కవు.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరన్ వేదాంతి పాల్ టిలిక్, ధైర్యంపై 1952లో ప్రచురించిన గ్రంథంలో, భయాన్నీ వ్యాకులతనూ వేరు చేసి చూపాడు. భయానికి ఎదురుగా ఒక వస్తువు ఉంటుంది. దానిని చూడవచ్చు, తప్పించుకోవచ్చు, ఎదుర్కోవచ్చు. వ్యాకులతకు అలాంటి వస్తువేదీ ఉండదు; మనిషి తాను లేకుండా పోతానేమోనన్న, తన బతుకుకు అర్థం లేదేమోనన్న దిగులు అది. మన్యపు అనుభవానికి ఈ తేడాను అన్వయిస్తే, జ్వరానికి భయపడడం మొదటిదనీ, ఆ జ్వరాన్ని ఏ ఆత్మ పంపిందో, ఎవరి ఏ తప్పుకు పంపిందో తెలియక ఇంటిల్లిపాదీ కుమిలిపోవడం రెండవదనీ చెప్పవచ్చు. మొదటిదానికి మందు ఉంది. రెండవదానికి మందు లేదు గనుకనే దిసారి, అంటే నక్షత్రాలు చూసి మంచిచెడ్డలు చెప్పి వైద్యం కూడా చేసే కొండ జ్యోతిష్కుడు, ఆ సమాజంలో అంత అవసరమైన మనిషి అయ్యాడు. క్రైస్తవ విశ్వాసం ఈ కొండలకు వచ్చినప్పుడు ఆ రెండింటికీ సమాధానం చెప్పవలసి వచ్చింది.

ఆ సమాధానానికి మూలం దేవుని సన్నిధి అన్న భావన. సన్నిధి అంటే ఇక్కడ గుడిలో గాని, కొండ శిఖరాన గాని నెలకొని ఉండడం కాదు. మనిషి ఏ స్థితిలో ఉన్నా దేవుడు అతని పక్కన ఉన్నాడన్న నమ్మకం. బైబిలులో ఈ నమ్మకం కనబడే తీరు గమనించదగినది. నిర్గమకాండంలో మోషే ఫరో ఎదుటికి వెళ్లడానికి జంకి, తానెంతటివాడనని అడిగినప్పుడు, దేవుడు అతని అర్హతలను ఎన్నడు, ఐగుప్తు సైన్యం బలహీనమని బుజ్జగించడు. తాను తోడుంటానని మాత్రమే చెప్తాడు. అడిగిన ప్రశ్నకూ వచ్చిన జవాబుకూ పొంతన లేనట్టు తోస్తుంది గాని, అసలు విషయం అక్కడే ఉంది: కీడు రాదన్న హామీ అందులో లేదు. మార్కు సువార్తలోని తుఫాను ఘట్టం ఇంతకన్నా వింతైనది. పడవలో యేసు నిద్రిస్తుండగా గాలివానకు బెదిరిన శిష్యులు ఆయనను లేపుతారు, ఆయన గాలిని గద్దిస్తాడు, సముద్రం నిమ్మళిస్తుంది. ప్రసంగాలు చాలామటుకు అక్కడితో ఆగుతాయి. మార్కు మాత్రం ఆగడు; గాలి అణిగిన తరువాతనే శిష్యులకు మరింత భయం పుట్టిందని, పక్కనున్నవాడు ఎవరో తెలియక వణికారని రాస్తాడు. యేసు కూడా గెత్సేమనే తోటలో, మరణానికి ముందు రాత్రి, దిగులుతో కుంగిపోయాడని సువార్తలే చెప్తున్నాయి. కనుక భయపడడమే అవిశ్వాసమని కొందరు బోధకులు గద్దించి చెప్పే మాటకు బైబిలులో ఆధారం పలచనే.

ఉత్తర జర్మనీలో, డెన్మార్క్ సరిహద్దుకు దగ్గరగా, బ్రెక్లం అనే చిన్న గ్రామం ఉంది. ఆ గ్రామపు పాస్టర్ క్రిస్టియన్ యెన్సెన్ 1876లో స్థాపించిన మిషన్ నుంచి ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ అనే ఇద్దరు యువకులు 1882లో కోరాపుట్ చేరారు. మన్యం జ్వరానికి మూలమైన మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అప్పటికి రెండేళ్ల ముందే గుర్తించినా, అది దోమ ద్వారా వ్యాపిస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. అంటే ఈ మిషనరీలు తొలి పదిహేనేళ్లు ఎందుకు జబ్బుపడుతున్నారో తెలియకుండానే జబ్బుపడ్డారు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని నమ్మి కిటికీలు మూసుకుని, సాయంకాలం వసారాలో చల్లగాలికి కూర్చున్న యూరపువారు ఆ రోజుల్లో ఎందరో. కొండ వాగుల్లో పెరిగే అనాఫిలిస్ దోమకు ఆ వసారా ఎంత అనుకూలమో చెప్పనవసరం లేదు. మిషనరీ కుటుంబాల్లో మరణాలు తప్పలేదు.

ఇంత ప్రమాదమని తెలిసీ ఉండిపోవడాన్ని వారు ఏ ఆధారంతో సమర్థించుకున్నారన్న ప్రశ్నకు వారి సంప్రదాయంలోనే ఒక పాత పాఠం ఉంది. 1527 వేసవి చివర విట్టెన్‌బర్గ్ పట్టణంలో ప్లేగు ప్రబలినప్పుడు, విశ్వవిద్యాలయాన్ని యేనా నగరానికి తరలించి, మార్టిన్ లూథరును కూడా వెళ్లిపొమ్మని పాలకుడు చెప్పినా, ఆయన గర్భవతి అయిన భార్య కాథరీనాతో, సహచరుడు బూగెన్‌హాగెన్‌తో కలిసి అక్కడే ఉండి తన ఇంటినే రోగులకు విడిదిగా మార్చాడు. ప్రాణాంతకమైన తెగులు నుంచి పారిపోవచ్చునా అని బ్రెస్లావు నగరపు పాస్టర్లు అడిగిన ప్రశ్నకు ఆయన రాసిన జవాబు నేటికీ చదవదగినది. ప్రాణం కాపాడుకోవాలన్న కోరిక దేవుడు పెట్టినదే కనుక పారిపోవడం పాపం కాదని ఆయన ఒప్పుకుంటాడు. అయితే రోగి పక్కన మరెవరూ లేనప్పుడు పాస్టరు గాని, న్యాయాధికారి గాని, వైద్యుడు గాని, ఇంటి యజమాని గాని వదిలి వెళ్లరాదంటాడు. అంతటితో ఊరుకోక, దేవుడే కాపాడతాడని మందు తీసుకోకుండా, ఇంటికి పొగ వేయకుండా, అవసరం లేని చోటికి పోయి తిరిగేవారు దేవుణ్ణి పరీక్షిస్తున్నారని, వారి వల్ల ఇతరులు చస్తే ఆ హత్య వారి తల మీదే ఉంటుందని కటువుగా హెచ్చరిస్తాడు. ధైర్యాన్ని ఆయన గుండె బలంతో కొలవలేదు. ఎవరి పక్కన ఎవరు మిగిలారన్నదానితో కొలిచాడు. దేవుని సన్నిధిని నమ్మినవాడు పొరుగువానికి సన్నిధి కావలసి వస్తుందన్న ఈ ఆలోచన కోరాపుట్ కొండలకు పుస్తకాల పెట్టెతో పాటే వచ్చిందని అనుకోవచ్చు.

అయితే ఆ ఆలోచనకు అసలైన పరీక్ష మిషనరీలు లేనప్పుడు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి దేశం నుంచి పంపివేసినప్పుడు, అమెరికన్ లూథరన్లు పైనుంచి బాధ్యత వహించినా, కొండ ఊళ్లలో సంఘాన్ని నిలిపినవారు ఉపదేశులు, అంటే పాస్టరు దీక్ష లేకుండానే పిల్లలకు చదువు, పెద్దలకు వాక్యం చెప్పే స్థానిక బోధకులు, వారితో పాటు ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు బోధించిన బైబిలు స్త్రీలు. 1928లో జయపురం కేంద్రంగా జైపూర్ ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడేనాటికి ఇలాంటి పనివారి శ్రమ చాలా ఉంది గాని, వారిలో ఎక్కువమంది పేర్లు ఐరోపా పాఠకుల కోసం రాసిన మిషన్ చరిత్రల్లో వెనక పేజీల్లోకి కూడా ఎక్కలేదు. తొలి క్రైస్తవుల్లో అధికులు డొంబ కులస్థులు. ఊరికి బయట బతికే వారికి జ్వరం కన్నా ఊరి పెద్దల కోపమే ఎక్కువ భయం. స్వాతంత్ర్యం తరువాత 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా పోవడం, మతం మారినా గిరిజనుల హోదా మాత్రం నిలవడం, ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చునేవారి మధ్య ఎలాంటి తేడాలు తెచ్చిందో వేరే ప్రసంగంలో చెప్పుకోవలసిన సంగతి.

రాయగడ జిల్లాలో, నియమగిరి కొండల పాదాన, బిస్సంకటక్ అనే చిన్న పట్టణంలో 1954లో డేనిష్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ ఒక వసారాలో రోగులను చూడడంతో ఆరంభమైన క్రైస్తవ వైద్యశాల, క్రమంగా నర్సుల శిక్షణ పాఠశాలతో కూడిన పెద్ద ఆసుపత్రిగా పెరిగి, డొంగ్రియా కొందులతో సహా ఆ చుట్టుపక్కల కొండ జనానికి ఆధారమైంది. ఈ ప్రాంతంలో మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకానికి చెందినది. ఈ పరాన్నజీవి మెదడులోని సన్నని రక్తనాళాలను అడ్డుకోవడం వల్ల, రెండు రోజుల కిందట పొలంలో పని చేసిన మనిషి ఒక్కసారిగా పలవరించి, కళ్లు తేలవేసి, మూర్ఛలో కొట్టుకుంటాడు. గాలి సోకిందని, చచ్చినవాడెవడో పట్టుకున్నాడని ఇంటివారు అనుకోవడం మూఢత్వం అని నగరంలో కూర్చుని తేల్చేయడం సులభమే; ఆ దృశ్యాన్ని కళ్లారా చూసినవారు అంత తొందరపడరు. వేలి కొసన సూది గుచ్చి తీసిన రక్తపు చుక్కను చిన్న ప్లాస్టిక్ పలక మీద వేసి, పావుగంట ఆగితే, పరాన్నజీవి ఉన్నప్పుడు ఒక గీత పక్కన ఇంకొక గీత తేలుతుంది. పేరు లేని కీడుకు అక్కడ పేరు దొరుకుతుంది, వ్యాకులత భయంగా మారుతుంది, భయానికి మందు ఉంది. వైద్యం చేసే ఈ పనిని వేదాంతులు తక్కువగా ఎంచరాదు.

అయినా సిరలోకి మందు ఎక్కించిన తరువాత కూడా ఒక రాత్రి గడవవలసి ఉంటుంది. ఆ రాత్రి వార్డులో మంచం పక్కన నేల మీద తుండుగుడ్డ పరచుకున్న తల్లి, తడిగుడ్డతో బిడ్డ నుదురు అద్దుతూ, సెలైను సీసాలో బొట్టు పడుతోందో లేదోనని చూస్తూ కంటికి కునుకు లేకుండా కూర్చున్నప్పుడు, ఆమె క్రైస్తవురాలైనా కాకపోయినా, డ్యూటీలో ఉన్న నర్సు వచ్చి నాడి చూసి, ఒక్క నిమిషం నిలబడి, మెల్లగా ప్రార్థన చేసి వెళ్లడం క్రైస్తవ వైద్యశాలల్లో పాత ఆచారం. ఆ ప్రార్థన వల్ల జ్వరం దిగిందని వైద్యులు చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ తల్లి మాత్రం ఆ రాత్రి ఒంటరిగా లేదు. ఒడిశా ప్రభుత్వం 2017లో దుర్గమ ప్రాంతాల మలేరియా నివారణకు ‘దమన్’ అనే కార్యక్రమాన్ని చేపట్టి, మందు పూసిన దోమతెరలు పెద్ద ఎత్తున పంచి, జ్వరం లేనివారికి సైతం రక్తపరీక్షలు జరిపిన తరువాత, రాష్ట్రంలో నమోదైన మలేరియా కేసులు 2018లో ముందటి ఏడాది కన్నా సుమారు 80 శాతం తగ్గాయి. దోమతెర కింద పడుకోవడం విశ్వాసానికి లోటు కాదని 1527 నాటి లూథరు కూడా ఒప్పుకుని ఉండేవాడు.

మనిషి వల్ల మనిషికి కలిగే భయం వేరు. 2007 డిసెంబరులోను, 2008 ఆగస్టు 23న కంధమాల్ జిల్లాలో స్వామి లక్ష్మణానంద సరస్వతి, ఆయనతో ఉన్న నలుగురు హత్యకు గురైన తరువాతను జరిగిన హింసలో క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థన మందిరాలు తగలబడి, వేలాదిమంది అడవుల్లోకి, సహాయ శిబిరాల్లోకి పరుగుతీసినప్పుడు, ఆ సెగ పొరుగునున్న రాయగడకు, కోరాపుట్‌కు కూడా తగిలింది. పారిపోయినవారి విశ్వాసం గట్టిది కాదని వెలుపలివారు కొందరు అనుకున్నా ఆశ్చర్యం లేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో పుట్టబోయే శిశువుకు ఇమ్మానుయేలు, అనగా దేవుడు మనకు తోడు, అన్న పేరు వినిపిస్తుంది. రెండవ అధ్యాయంలోనే ఆ శిశువును హేరోదు కత్తి నుంచి తప్పించడానికి తల్లిదండ్రులు రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోతారు. ఆ పేరుకూ ఆ పలాయనానికీ విరోధం ఉందని మత్తయి అనుకోలేదు. అడవిలో చెట్టు కింద తడిసి గడిపినవారితో దేవుడు కూడా అడవిలోనే ఉన్నాడని నమ్మడానికి, పగతో తిరిగి చెయ్యెత్తకుండా ఉండడానికి కావలసిన ధైర్యం, ఇంట్లో తలుపులు వేసుకుని కీర్తన పాడుకునేవారికి కావలసిన దానికన్నా పెద్దది.

చివరగా చెప్పవలసినది, ఈ విషయమంతటిలోను చిక్కైనది, గుణుపురం వెనక కొండల్లోని సవరల సంగతి. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ తరువాత 1975 నుంచి పుట్టాసింగి ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉండి వారి భాషలోనే పరిశోధించిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక గ్రంథాన్ని, 2017లో మరొక గ్రంథాన్ని వెలువరించాడు. వారు వివరించిన ప్రకారం, సవరల పాత విశ్వాసంలో చనిపోయిన మనిషి ‘సోనుం’ అవుతాడు, అంటే బతికున్నవారిని అంటిపెట్టుకుని తిరిగే ఆత్మ అవుతాడు. దగ్గుతో చనిపోయినవాడు తన ప్రియమైనవారికే దగ్గు తెస్తాడు, చెట్టు మీంచి పడి చనిపోయినవాడు తనవారిని చెట్టు మీంచి లాగుతాడు. ద్వేషంతో కాదు, విడిచి ఉండలేక. అందువల్ల ‘కురాన్’ అని పిలిచే పూనకపు పూజారి, ఎక్కువగా స్త్రీ, సమాధిస్థితిలోకి వెళ్లినప్పుడు చనిపోయినవారు ఆమె నోట మాట్లాడతారు. బతికున్నవారు వారితో ఏడుస్తారు, వాదిస్తారు, ఎకసెక్కాలాడతారు, ఎందుకు పోయావని తిడతారు. ఈ సంభాషణ ఏళ్ల తరబడి సాగి, ఆత్మ కోపం క్రమంగా చల్లారి, చివరకు కుటుంబంలో పుట్టిన బిడ్డకు తన పేరు ఇచ్చే పితరుడిగా మారుతుంది.

కెనడియన్ బాప్తిస్టు మిషన్ పర్లాకిమిడి, సెరంగో కేంద్రాల నుంచి తెచ్చిన క్రైస్తవం గత యాభై ఏళ్లలో ఈ కొండల యువతరాన్ని పెద్ద ఎత్తున ఆకర్షించింది. ఇది చదువు వల్ల, రోడ్ల వల్ల, మైదానపు దళారుల ముందు తలెత్తుకోవాలన్న కోరిక వల్ల కూడా జరిగింది. కేవలం బోధ వల్ల జరిగిందని సంఘాలు చెప్పుకుంటే అతిశయోక్తి. అదే కోరికతో మంగేయ్ గమాంగ్ 1936లో సవర భాషకు సొంత లిపిని కల్పించి, అక్షరాలనే దైవంగా కొలిచే మరొక మార్గాన్ని గుణుపురం ప్రాంతంలోనే నెలకొల్పాడు. బాప్తిస్టు మార్గంలోకి వచ్చినవారికి మాత్రం మృతులు సోనుం కారు. వారు యేసు దగ్గర ఉన్నారు, ఎవరినీ పట్టుకోరు, పశుబలి అడగరు. బలికోసం గేదెను, మేకను అప్పు తెచ్చి అప్పులపాలవడం తప్పింది. చీకటిపడ్డాక శ్మశానం దారిన నడవడానికి జంకు తగ్గింది. పక్కన ఉన్నది పగబట్టిన తాతయ్య కాదు, తోడున్న దేవుడు అన్న నమ్మకం, వ్యాకులతకు క్రైస్తవం ఇచ్చిన సమాధానాల్లో ఇంత సూటిగా పనిచేసిన చోటు ఈ జిల్లాల్లో మరొకటి లేదేమో.

అయితే పట్టుకునే తాతయ్యతో పాటు మాట్లాడే తాతయ్య కూడా పోయాడు. విటెబ్‌స్కీ రెండవ గ్రంథంలో గమనించినది ఇదే: క్రైస్తవ సవరలకు మృతుల భయం పోయింది గాని, మృతులతో తేల్చుకోవలసిన మాటలు తేలకుండా మిగిలాయి. పాత పద్ధతిలో దుఃఖానికి ఏళ్ల గడువు ఉండేది, అందులో కోపానికీ చోటు ఉండేది. దేవుని సన్నిధి మీది నమ్మకం భయాన్ని తీసివేసిన చోట దుఃఖం కూడా తీరిపోయిందని సంఘం అనుకుంటే, ఏడవలసినవారు దాచుకుని ఏడుస్తారు. బైబిలులోని కీర్తనల గ్రంథంలో స్తుతి కన్నా విలాపం తక్కువేమీ కాదు. దేవుణ్ణి నిలదీసే కీర్తనలు, ఎందుకు విడిచావని అడిగే కీర్తనలు అందులో ఉన్నాయి గాని, పండుగ కూడికల్లో వాటిని చదివేవారు అరుదు.

మైదానపు తెలుగు సంఘాల్లో ఒక మనిషి పోయిన తరువాత ఇంట్లో ఆదరణ కూడిక జరపడం, ఏడాది తిరిగినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పోయినవారి మంచిచెడ్డలు తలచుకుని భోజనం పెట్టడం వాడుకలో ఉంది. పార్వతీపురం, రాయగడల మధ్య బంధుత్వాలున్న కుటుంబాల ద్వారా ఈ వాడుక కొండ సంఘాలకు కొత్తదేమీ కాదు. ఒక సాయంకాలపు కూడిక, ఏడాదికొక భోజనం, కురాన్ ముందు ఏళ్ల తరబడి సాగిన మాటలకు సరితూగుతాయా, లేక సవర భాషలో, సవర రాగంలో, ఇంతకన్నా ఎక్కువ కాలం సాగే విలాప కూడికలను గుణుపురం కొండల్లోని పాస్టర్లూ బైబిలు స్త్రీలూ తమకు తాము రూపొందించుకోవాలా అన్నది వేదాంత గ్రంథాలు తేల్చగలిగినది కాదు. దానిని ఆ ఊళ్లలోని విధవరాళ్లను, తల్లి పోయిన కూతుళ్లను అడిగి తేల్చవలసి ఉంది.